పనిచేతుల మాత

పెదరాతిపాలెంలో బస్సు దిగి, నాపరాతి గనుల వైపు పోయే మట్టిదారిన మైలు దూరం నడిస్తే పనిచేతుల మాత గుడి వస్తుంది. గుడి చిన్నది. గోడలు, కప్పు, నేల అన్నీ ఇక్కడి గనుల్లో తీసిన రాయే. పీఠం మీది మరియమాత విగ్రహం మనం వేరే చోట్ల చూసే విగ్రహాల వంటిది కాదు. తల్లి చేతులు జోడించి ఉండదు. కళ్ళు ఆకాశానికి ఎత్తి ఉండదు. కాళ్ళ కింద సర్పం లేదు, తల చుట్టూ నక్షత్రాలు లేవు. కొంచెం ముందుకు వంగి, అంగీ చేతులు మోచేతుల పైదాకా మడిచి, జారిపోయేదాన్ని దేన్నో అందుకోబోతున్నట్టు రెండు అరచేతులూ కిందికి చాచి ఉంటుంది. గర్భిణులు వచ్చి ఆ చేతులకు ఆముదం రాసి గోరువెచ్చని నీళ్ళతో కడుగుతారు. డిసెంబరు తెల్లవారుజామున, రాళ్ళన్నీ మంచుగడ్డల్లా ఉన్నప్పుడు కూడా ఆ చేతులు మాత్రం వెచ్చగా ఉంటాయని ఇక్కడివారు చెబుతారు. నమ్మని వారు తాకి చూడవచ్చు.

ఈ మాత ఇలా ఎందుకుందని యాత్రికులు అడుగుతారు. ఇరవై ఏళ్ళ కిందట అచ్చయిన చిన్న పుస్తకంలో, ఒక సిస్టరుకు మాత కలలో కనబడి తన రూపం ఇలా చెక్కించమని ఆజ్ఞాపించినట్టు రాశారు. అది అబద్ధం. ఆ సిస్టరుకు ఏ కలా రాలేదు. జరిగినదాన్ని కలగా మార్చడం పెద్దలకు సులువు, ఎందుకంటే కలకు ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు. ఇక్కడ జరిగినదానికి జవాబు చెప్పవలసినవాళ్ళు ఉన్నారు. అందుకే ఈ కథను మళ్ళీ రాయవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ, అంటే మన తాతమ్మలు పిల్లలుగా ఉన్న రోజుల్లో, గనులూ గని కూలీల గుడిసెలూ తప్ప మరేమీ లేవు. ఆ గుడిసెల మధ్యకు సముద్రాల అవతలి నుంచి స్వస్థమాత సేవికల సభకు చెందిన నలుగురు మఠకన్యలు ఎడ్లబండి మీద వచ్చారు. రోగులకు సేవ చేయడమే వారి సభ పని. రెండేళ్ళలో ఆసుపత్రి కట్టారు, పక్కనే మఠం, చిన్న గుడి కట్టారు. కలరా వచ్చినప్పుడు కన్నతల్లులు కూడా పారిపోతుంటే వీళ్ళు వాంతులు చేతులతో ఎత్తారు. కుష్ఠు పుళ్ళు కడిగారు. మశూచి శవాలను తామే మోసుకుపోయి పూడ్చారు. ఈ మాట దాచడం న్యాయం కాదు.

అయితే ఆ సభకు ఒక నియమావళి ఉంది. నల్ల అట్ట వేసిన చిన్న పుస్తకం. అందులో ఒక నియమం, కాన్పు జరిగే చోట మఠకన్య ఉండరాదు, చూడరాదు, తాకరాదు. మఠంలో చేరేటప్పుడు చేసిన కన్యత్వపు ప్రమాణానికి అది భంగమట. ఇంకొక నియమం, ఏ పని చేస్తున్నా అంగీ చేయి మణికట్టు దాటి పైకి పోరాదు. మగవాడి కుళ్ళిన కాలు తాకితే పోని పవిత్రత, ఆడదాని కడుపు తాకితే పోతుందని రాసినవాళ్ళు మగవాళ్ళే. వాళ్ళలో ఒక్కరూ ఎన్నడూ నొప్పులు పడలేదు.

కాబట్టి నొప్పులు పడుతున్న మనిషి ఆసుపత్రికి వస్తే సిస్టర్లు ఒకటే చేసేవారు. కిటికీలోంచి కొంచెం దూది, ఒక మందుసీసా, మాత పటం అందించి, తలుపులు మూసుకొని, లోపల మోకరించి జపమాల చెప్పేవారు. గట్టిగా చెప్పేవారు. కిటికీ కింద కేకలు పెరిగినకొద్దీ జపం కూడా పెరిగేది. అది కనికరమనే వాళ్ళు నిజంగా నమ్మారు.

ఈ మఠంలో తెల్లముసుగు వాళ్ళు మందులిచ్చేవారు, బూడిదరంగు ముసుగు వాళ్ళు గిన్నెలు తోమేవారు. బూడిదరంగు ముసుగులన్నీ మన దేశపు తలల మీదే ఉండేవని వేరే చెప్పాలా? వారిలో ఒకరు సిస్టర్ పౌలీనా. మఠంలో చేరకముందు ఆమె పేరు శౌరమ్మ. మాదిగవాడలో మంత్రసాని ఆరోగ్యమ్మ కూతురు. తొమ్మిదో ఏటినుంచి తల్లి వెంట కాన్పులకు తిరిగింది. దీపం పట్టుకోవడం నుంచి బొడ్డు కోయడం దాకా అన్నీ తల్లి దగ్గర నేర్చింది. రోగులకు సేవ చేసే సభ అని విని, ఇంతకంటే తనకు తగిన చోటు లేదని పదిహేడో ఏట మఠంలో చేరింది. చేరిన రోజే ఆమెకు అంట్ల గిన్నెలూ పొయ్యీ చూపించారు. ఆమె చేతులకు వచ్చిన ఒకే ఒక్క గొప్ప పని ఆ మఠంలో పాపం అని నెమ్మదిగా తెలిసింది. శౌరమ్మ పద్నాలుగేళ్ళు పుళ్ళకు కట్టిన గుడ్డలు ఉడకబెట్టింది.

కోటమ్మ అనే గని కూలీ వచ్చింది ఆ పద్నాలుగో ఏడే. రెండు రోజులుగా నొప్పులు. అప్పటికి ఆరోగ్యమ్మకు చూపు పోయి చేతులు వణుకుతున్నాయి. ఆ చుట్టుపక్కల ఇంకో మంత్రసాని లేదు. కిటికీలోంచి దూది అందించమని పౌలీనాను పంపారు. అందిస్తూ ఆమె ఒక్క చూపు చూసింది. కడుపు నిలువుగా లేదు, బుట్ట బోర్లించినట్టు అడ్డంగా వెడల్పయి ఉంది. పరుగున లోపలికి వచ్చి మఠాధిపతి మదర్ క్లోటిల్డా ముందు నిలబడింది.

"మదర్‌గారూ, బిడ్డ అడ్డం తిరిగుంది. ఇట్టాంటివి మా అమ్మ పైనుంచే నిమిరి తిప్పుద్ది. నాకూ వచ్చు."

మదర్ క్లోటిల్డా తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నది. "సిస్టర్ పౌలీనా, నీవు ఏమియు చూడలేదు. వచ్చి మోకరింపుము," అంది.

పౌలీనా మోకరించింది. ఈ కథలో దాచిపెట్టవలసిన మాట ఏదైనా ఉంటే ఇదే, అందుకే దీన్ని దాచడం లేదు. ఆమె మోకరించి, తన చేతులు రెండూ అంగీలో దాచుకొని, జపమాలలోని యాభై మూడు మంగళవార్త జపాలూ చివరిదాకా చెప్పింది. నలభయ్యో దాని దగ్గర కిటికీ కింద కేకలు ఆగాయి. కోటమ్మను మంచం మీదే తిరిగి మోసుకుపోయారు. కిటికీ కింది రాయిని కడిగే పని కూడా పౌలీనాకే పడింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర మదర్ ఆమె విధేయతను అందరి ముందూ మెచ్చుకుంది. అన్యాయానికి చప్పట్లు కొట్టించుకోవడమంటే ఏమిటో పౌలీనాకు అప్పుడు తెలిసింది. కిటికీ కింద పోయినవాళ్ళలో కోటమ్మ పదకొండో మనిషి.

మదర్ క్లోటిల్డా క్రూరురాలు కాదు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదని అంటారు. అది మన కోపాన్ని తగ్గించకూడదు, పెంచాలి. చెడ్డవాళ్ళు చేసిన చెడు కంటే మంచివాళ్ళు కళ్ళు మూసుకొని జరగనిచ్చిన చెడే ఈ లోకంలో ఎక్కువ మందిని పూడ్చింది.

మరుసటి ఏడు జూలై నెలలో, మరియమాత తన బంధువు ఎలిజబెతమ్మను చూడబోయిన దర్శన పండుగ వచ్చింది. గుడి నిండిపోయింది. ముందు బల్లల మీద ఆసాములు, వెనక చాపల మీద వాడల జనం, ఒక పక్కగా సిస్టర్లు. ఆ గుడి విచారణ గురువు బాల్తజారు ఫాదర్ పీఠం దగ్గర నిలబడి ప్రసంగం మొదలుపెట్టారు. అదే సమయానికి నలుగురు వడ్డెరవాళ్ళు నులకమంచం మోసుకుంటూ ఆసుపత్రి కిటికీ కిందికి వచ్చారు. మంచం మీద గురవమ్మ, పద్దెనిమిదేళ్ళది, తొలి కాన్పు. మొగుడు సాంబయ్య రాళ్ళు చెక్కేవాడు. అత్త వెంకాయమ్మ మంచం పక్కనే నడుస్తూ వచ్చింది. మదర్ క్లోటిల్డా గుడిలోంచి లేచి వెళ్ళి, దూది అందించి, ఆసుపత్రికి తాళం వేసుకొని తిరిగి వచ్చి కూర్చుంది. ఆమె వెనకే వెంకాయమ్మ గొంతు గుడిలోకి వచ్చింది.

"రోగిష్టోళ్ళ పుళ్ళు కడుగుతారంటనే! మీరూ ఒక ఆడదాని కడుపునే పుట్టారు గదమ్మా, రాతిలోంచి ఊడిపడ్డారా?"

సిస్టర్లు జపమాలలు తీశారు. పౌలీనా చేయి కూడా అలవాటుగా నడుము దగ్గరి జపమాల మీదికి పోయింది. అప్పుడు ఫాదర్ ప్రసంగంలో ఒక మాట చెప్పారు. ఎలిజబెతమ్మకు ఆరో నెల అని దేవదూత చెప్పగానే మాత కొండసీమకు త్వరపడి వెళ్ళిందనీ, మూడు నెలలు ఆమె ఇంట ఉండి వినయంతో సేవ చేసిందనీ.

పౌలీనా లేచి నిలబడింది.

"ఏం సేవ చేసింది సామీ?"

ప్రసంగం మధ్యలో మఠకన్య నోరు తెరవడం ఆ గుడి పుట్టాక అదే మొదలు.

"కూర్చో సిస్టర్," అన్నారు ఫాదర్.

"ఆరో నెలలో పోయి మూడు నెలలుంది గదా. ఆరూ మూడూ తొమ్మిది. కాన్పుకే ఉంది సామీ ఆ తల్లి. మరి ఆ ముసలామె నొప్పులు పడతా ఉంటే మన మాత ఏం చేసింది? దూది అందించి, కిటికీ మూసుకొని, జపం చెప్పుకుందా?"

చాపల మీదినుంచి ఎవరో ముసలమ్మ కిసుక్కున నవ్వింది. "అడిగినదాంట్లో తప్పేముంది సామీ, చెప్పండి. మాకూ తెలుసుకోవాలనుంది," అంది ఇంకొకామె. ఆమె కోటమ్మ తల్లి.

ఫాదర్ చేతిలోని పుస్తకం తిరగేశారు. గ్రంథాలు చదివినవాళ్ళు అన్ని ప్రశ్నలకూ జవాబులు దాచుకుంటారు గానీ, ఆడవాళ్ళు వేళ్ళ మీద నెలలు లెక్కపెడతారని మరచిపోతారు.

మదర్ క్లోటిల్డా లేచి పౌలీనా దగ్గరికి వచ్చింది. "నీవు ఈ ద్వారము దాటి ఆమె వద్దకు పోయినచో, రేపటినుండి ఈ ముసుగు నీది కాదు. తెలియునా?"

"తెలుసు మదర్‌గారూ." ఆమె తన అంగీ చేతులను అందరూ చూస్తుండగా ముందు కుడిది, తర్వాత ఎడమది మోచేతుల పైదాకా మడిచింది. పద్నాలుగేళ్ళ పైన ఆ చేతులు ఎండ చూడలేదు. మణికట్టు దాకా వేడినీళ్ళకు కమిలి నల్లబడి, పైన పసిపిల్ల చేతుల్లా ఉన్నాయి. "కిందటేడు ఒకామెను జపంతో చంపాను. మళ్ళీ నావల్ల కాదు," అంది.

ఆసుపత్రికి తాళం ఉంది. వసారాలో వాన జల్లు కొడుతోంది. కప్పు కింద తెరిచి ఉన్నది గుడి ఒక్కటే. పౌలీనా బయటికి పోయి మంచం లోపలికి తెమ్మంది. వంటింట్లోంచి కాగిన నీళ్ళు, సబ్బు, ఆముదం తెచ్చుకుంది. మంచం సరిగ్గా పీఠం ముందు దింపించి వెనక్కి తిరిగి, "మగోళ్ళంతా బయటికి పోండి," అంది. ఆసాములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫాదర్ కదలలేదు.

"సిస్టర్, దివ్యసత్ప్రసాదం ఉన్న చోటు ఇది. సాక్షాత్తు ప్రభువు ఉన్నాడిక్కడ!"

"ఆయనా ఇట్టాగే పుట్టాడు సామీ. ఆయనేమీ అనుకోడు. మీరు పోండి."

చాపల మీది ఆడవాళ్ళు లేచారు. వాళ్ళు ఎవరినీ తోయలేదు. చెంగులు బిగించి వరుసకట్టి ముందుకు నడుస్తుంటే, మగవాళ్ళు వెనక్కి నడవక తప్పలేదు. ముందు బల్లల ఆడవాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ వరుసలో కలిశారు. ఆ గుడిలో చాపకూ బల్లకూ మధ్యనున్న గీత ఆ పూట మొదటిసారి చెరిగింది. హక్కు ఎవరూ చేతిలో పెట్టరు, లేచి నిలబడ్డవాళ్ళదే అది. తలుపులు మూసుకున్నాయి. మిగతా సిస్టర్లు కూడా బయటికి పోగా, లోపల మిగిలిన తెల్లముసుగు మదర్ క్లోటిల్డాది ఒక్కటే. ఆమె గోడవైపు తిరిగి నిలబడింది.

బిడ్డ కాళ్ళతో వస్తోంది. తొందరపడి లాగితే తల చిక్కుకుంటుంది. తల్లి ఆరోగ్యమ్మ చెప్పినట్టే పౌలీనా లాగలేదు. గురవమ్మను మంచం అంచుకు జరిపి కూర్చోబెట్టి, వెంకాయమ్మను వెనకనుంచి పట్టుకోమంది.

"ముక్కవే తల్లీ, ముక్కు. ఇప్పుడొద్దు, ఆగు. ఊపిరి తీసుకో. మా తల్లే! ఇప్పుడు ముక్కు."

"నేను చస్తానక్కా," అంది గురవమ్మ.

"చావవు. నేనుండగా చావవు. కావాలంటే నన్ను తిట్టు."

గురవమ్మ తిట్టింది. వడ్డెరవాళ్ళ తిట్లు ఆ పీఠం ముందు అంతకుముందు ఎన్నడూ వినబడలేదు. ఆడవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. బిడ్డ నడుము దాకా వచ్చింది. ఒక చేయి, రెండో చేయి వచ్చాయి. తల ఆగింది. పౌలీనా బిడ్డ ఒంటిని తన ముంజేతి మీద పడుకోబెట్టుకొని, రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, గడ్డం వంచి, మెల్లగా పైకి ఎత్తింది. బిడ్డ నీలంగా వచ్చింది, ఏడవలేదు. వీపు రుద్దింది, నోరు తుడిచింది, ఊపిరి ఊదింది. ఇంకా ఏడుపు వినబడకపోయేసరికి, గోడవైపు తిరిగి ఉన్న మదర్ క్లోటిల్డా వెనక్కి తిరిగి తన జీవితంలో మొదటిసారి చూసింది. అప్పుడు బిడ్డ ఏడ్చింది.

ఆడపిల్ల. దర్శన పండుగ నాడు పుట్టింది కనుక దర్శనమ్మ అన్నారు.

మర్నాడు పౌలీనాను మఠంలోంచి పంపేశారు. చూసినంత మాత్రాన మదర్‌కు నియమం మార్చే ధైర్యం రాలేదు. శౌరమ్మ వాడకు తిరిగి వచ్చి, గుడ్డి తల్లి దగ్గర ఉంటూ, గనుల చుట్టూ ఉన్న పద్నాలుగు పల్లెల్లో కాన్పులు చేసింది. ఆమె చేతికి వచ్చిన తల్లుల్లో ఒక్కరు కూడా పోలేదని చెబుతారు. ఒక్కరు పోయి ఉన్నా ఆమె గొప్పతనం తగ్గేది కాదు. తలుపు తీసి ఉంచడమే ఆమె చేసిన అద్భుతం.

ఏడేళ్ళకు సభ పెద్దల దగ్గరినుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట మఠకన్యలు కాన్పులు చేయవచ్చునట. నిన్నటి మహాపాపం ఒక్క కాగితంతో పుణ్యమైంది. కాగితానికి ముందు పోయినవాళ్ళ సంగతి ఆ కాగితంలో లేదు. కాన్పు చేయడం తెలిసిన సిస్టరు మఠంలో ఒక్కరూ లేరు. మదర్ క్లోటిల్డా అప్పటికి వంగిపోయింది. కర్ర పట్టుకొని, చేతిలో మడతపెట్టిన ముసుగుతో, మాదిగవాడకు నడిచి వచ్చి శౌరమ్మ అరుగు మీద కూర్చుంది. ఈసారి తెల్లముసుగు తెచ్చింది.

"తిరిగి రా. మాకు నేర్పించు. ఈ పత్రము మీద, నియమము మీరితినని, క్షమింపుడని ఒక సంతకము చాలు."

శౌరమ్మ ఆ పత్రాన్ని తీసుకోలేదు. "నా తప్పు ఒకటుంది మదర్‌గారూ. కోటమ్మ వచ్చిన రోజు చేతులు మడవకపోవడం. దానికి క్షమాపణ కోటమ్మను అడగాలి, మిమ్మల్ని కాదు."

"కోటమ్మ ఎవరు?"

ఆ ప్రశ్న విని శౌరమ్మకు చాలా కోపం వచ్చిందట. అయినా నెమ్మదిగానే అంది. "మీ కిటికీ కింద పదకొండుమంది పోయారు. వాళ్ళ పేర్లన్నీ నాకు తెలుసు. మీకు ఒక్కటి కూడా తెలీదు. రాసుకుంటారా?"

మదర్ క్లోటిల్డా కళ్ళద్దాలు పెట్టుకుంది. క్షమాపణ పత్రాన్ని తిరగేసి, వెనకవైపు పదకొండు పేర్లూ తెలుగులో రాసుకుంది. తప్పుగా రాసిన అక్షరాలను శౌరమ్మ దిద్దించింది. రాయడం అయ్యాక ముసుగును మాత్రం తిరిగి తీసుకుపొమ్మంది. మరుసటి వారం నుంచి ఆమె రోజూ పొద్దున్నే ఆసుపత్రికి పోయి, ముసుగు లేకుండానే, తెల్లముసుగుల వాళ్ళకు కాన్పు చేయడం నేర్పింది. మొదటి పాఠం చేతులు మడవడం.

శౌరమ్మ కాలం చేశాక దర్శనమ్మ తండ్రి సాంబయ్య ఈ విగ్రహాన్ని చెక్కాడు. అతనికి తెలిసిన మాత రూపం అదొక్కటే. పైనుంచి వచ్చిన పెద్దలు చూసి, చేతులు అలా బయటపడి ఉండటం మర్యాదగా లేదనీ, అంగీ మణికట్టుదాకా ఉండేలా దిద్దమనీ చెప్పారు. సాంబయ్య ఉలి కింద పెట్టి, "మా పని రాయి తియ్యడమే గానీ, పెట్టడం కాదు దొరా," అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. విగ్రహం ఉండిపోయింది.

నేటికీ సుఖప్రసవం కోరి గర్భిణులు దూరదూరాల నుంచి ఇక్కడికి వస్తారు. తల్లి చేతులు కడిగిన నీళ్ళు కడుపుకు రాసుకుంటే భయం పోతుందని నమ్మకం. భయం పోవడం మంచిదే. అయితే నొప్పులు మొదలయ్యాక మాత్రం గుడికి రావద్దని, ఆసుపత్రికే పోవాలని యాత్రికులను వేడుకుంటున్నాము. ఈ మట్టిదారిన అంబులెన్సు ఎందుకు రాదో, ఓట్లు అడగడానికి వచ్చినవాళ్ళను నిలబెట్టి అడగండి. అడగడం కూడా ఈ తల్లికి పూజే.

దర్శన పండుగ నాడు ప్రసంగం వేళ కాగానే మగవాళ్ళంతా, గురువులతో సహా, గుడి బయటికి పోయి నిలబడతారు. ఎండైనా వానైనా గొడుగు పట్టకూడదు. లోపల ఆడవాళ్ళు తలుపులు మూసి, చేతులు మడిచి, ఆ పదకొండు పేర్లూ ఒక్కొక్కటి మూడుసార్లు చదువుతారు. ఆ ఏడాది ఈ చుట్టుపక్కల కాన్పులో పోయినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ పేర్లూ కలుపుతారు. తలుపు ఎప్పుడు తీయాలో చెప్పేది లోపల ఉన్న అందరికంటే పెద్ద ముసలమ్మే.

కిందటేడు కొత్తగా వచ్చిన ఫాదర్‌కు ఈ సంగతి సరిగా తెలియదు. వానలో తడుస్తూ చాలాసేపు నిలబడ్డాక తలుపు తట్టారు.

"అమ్మా, లోపలికి రావచ్చా?"

"ఇంకా పేర్లు అవలేదు సామీ. నిలబడండి," అని లోపలినుంచి జవాబు వచ్చింది.

ఆయన నిలబడ్డారు.